వెలిగే తెర లేజర్ ఎందుకు కాలేదు?

మీ చేతిలో ఉన్నది అమోలెడ్ ఫోనైతే, దాని తెరలో వెలుగుతున్నది కర్బన అణువుల పల్చటి పొర, అంటే ఓఎల్‌ఈడీ. కరెంటుకే వెలిగే ఆ పొరను రెండు అద్దాల మధ్య బిగిస్తే లేజర్ అయిపోవాలి కదా అనిపిస్తుంది. బయటి నుంచి కాంతి కొట్టి వెలిగిస్తే అవుతుంది కూడా. 1996లోనే కేంబ్రిడ్జిలో టెస్లర్, డెంటన్, ఫ్రెండ్ పీపీవీ అనే పాలిమర్‌తో చేసి చూపించారు. చిక్కల్లా కరెంటుతోనే.

ముందు ఆ రెండు అద్దాల మధ్య గది కొలతలు చూద్దాం. కాంతి తరంగదైర్ఘ్యం 600 నానోమీటర్లు, పొర వక్రీభవన గుణకం 1.7 అనుకుందాం. గదిలో సగం తరంగం పట్టాలంటే 600ను 3.4తో భాగించాలి. మందం సుమారు 176 నానోమీటర్లు. అద్దాలంటే మామూలు అద్దాలు కావు. సిలికా, టైటానియా పొరలను ఒకదాని మీద ఒకటి పదేసి జతలు పేరిస్తే కాంతిలో 99.9 శాతం వెనక్కి వస్తుంది. రెండు వైపులా అలాంటివే ఉంటే ఒక్కో రాకపోకకు పోయేది 0.2 శాతమే. అంటే కాంతి జారిపోయేలోగా సుమారు 500 సార్లు అటూ ఇటూ తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ ఉత్తేజంలో ఉన్న అణువులను తట్టి, తనలాంటి కాంతినే మరికొంత పుట్టిస్తుంది.

లేజర్ మొదలయ్యే హద్దును త్రెషోల్డ్ అంటారు. దాని లెక్క చిల్లుకుండ లెక్కే. పోసే నీళ్లు కారే నీళ్లను మించాలి. అంతవరకూ పొర మామూలు దీపమే: రంగు వెడల్పుగా, వెలుగు మసకగా ఉంటుంది. ఆ హద్దు దాటగానే వెలుగు గ్రాఫ్ ఒక్కసారిగా నిటారుగా లేస్తుంది, పదుల నానోమీటర్ల వెడల్పున్న వర్ణపటం సన్నని గీతగా ముడుచుకుంటుంది.

ఇలాంటి గదుల్లో బాగా పేరున్న పదార్థాల జోడీ ఆల్క్యూ3, డీసీఎం. ఆల్క్యూ3లో డీసీఎం రంగును 2 శాతం దాకా కలుపుతారు. మొదటిది అతినీలలోహిత కాంతిని మింగి ఆ శక్తిని రెండోదానికి అందిస్తుంది, రెండోది ఎర్రగా వెలుగుతుంది. ఆ ఎరుపును ఆల్క్యూ3 మింగదు కాబట్టి నష్టం తక్కువ. ఇలాంటి గదులకు త్రెషోల్డ్ చదరపు సెంటీమీటరుకు పదుల మైక్రోజౌళ్లకు దిగింది.

20 మైక్రోజౌళ్లే తీసుకుందాం. 400 నానోమీటర్ల ఫోటాన్ ఒక్కోదానికి 5×10⁻¹⁹ జౌళ్లు. అంటే 4×10¹³ ఫోటాన్లు, మన లెక్కలో 40 లక్షల కోట్లు. పొర అన్నింటినీ పీల్చుకుందనుకుంటే ఉత్తేజిత స్థితులూ అన్నే. ఇప్పుడు వాటిని కరెంటుతో పుట్టించాలి. వాటి ఆయుష్షు 5 నానోసెకన్లు అనుకుంటే, అంత సేపట్లో అన్ని ఎలక్ట్రాన్లు పంపడానికి చదరపు సెంటీమీటరుకు సుమారు 1,280 ఆంపియర్లు కావాలి. అక్కడితో అయిపోలేదు. ఎలక్ట్రాన్, రంధ్రం (ఎలక్ట్రాన్ లేని ఖాళీ) కలిసినప్పుడు స్పిన్ నియమం ప్రకారం వెలిగేది నాలుగింట ఒకటి, మిగతా మూడు ట్రిప్లెట్లు అనే వెలగని స్థితులు. కాబట్టి నాలుగు రెట్లు, 5,000 ఆంపియర్లకు పైనే! చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీ ఆంపియర్లకే ఓఎల్‌ఈడీ చక్కగా వెలుగుతుంది. ఇది దానికి ఐదు లక్షల రెట్లు.

పైగా ఆ ట్రిప్లెట్లు ఊరికే కూర్చోవు, పుట్టిన లేజర్ కాంతిని మింగుతాయి. కరెంటు మోసే విద్యుదావేశాలూ అంతే. ఇక కరెంటు ఇవ్వడానికి ఎలక్ట్రోడ్లు తప్పవు. ఒకవైపు 90 శాతమే తిప్పికొట్టే అల్యూమినియం పెడితే 0.2 శాతం నష్టం కాస్తా 10 శాతానికి చేరుతుంది, యాభై రెట్లు.

కరెంటుతో లేజర్ చేయాలన్న ఆశ ఒక మోసానికీ దారిచ్చింది. కరెంటుతో టెట్రాసీన్ లేజర్ చేశామని బెల్ ల్యాబ్స్‌కు చెందిన హెండ్రిక్ షోన్ బృందం 2000లో 'సైన్స్' పత్రికలో ప్రకటించింది. అతని డేటా కల్పితమని తేలాక 2002లో ఆ వ్యాసాన్ని ఉపసంహరించారు.

2019లో జపాన్‌లోని క్యుషు విశ్వవిద్యాలయ బృందం చదరపు సెంటీమీటరుకు 600 ఆంపియర్ల దగ్గర నీలి లేజర్ కనిపించిందని రాసింది. అద్దాల గదికి బదులు సన్నని గాళ్ల జాలీ వాడారు. ట్రిప్లెట్లు మింగే రంగుకు దూరంగా వెలిగే పదార్థాన్ని ఎంచుకున్నారు. అయినా శీర్షికలో 'సూచన' అన్నారే గాని 'సాధించాం' అనలేదు. 2023లో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకో దారి పట్టారు: కరెంటు ఓఎల్‌ఈడీకి, దాని వెలుగు పక్కనే అతికించిన లేజర్ పొరకు. లేజర్ పొరలో విద్యుదావేశాల బెడద లేదు. త్రెషోల్డ్ చదరపు సెంటీమీటరుకు 2,800 ఆంపియర్లు. నా దృష్టిలో ఇప్పటికి ఇదే నిజాయితీ గల రాజీ.

ఇలాంటి వార్త కనబడితే ముందు యూనిట్ చూడండి. మైక్రోజౌళ్లయితే కాంతితో నడిపింది, ఆంపియర్లయితే కరెంటుతో నడిపింది. తర్వాత ఆ కాంతినో కరెంటునో ఇచ్చిన పల్స్ ఎంతసేపో చూడండి. అది రాయని త్రెషోల్డ్‌ను మరో త్రెషోల్డ్‌తో పోల్చకండి.