పాత బండి ఒక్కటే.. నడిపేది ఇద్దరం!

ఏపీ 25 నంబర్ ప్లేటు చూస్తే మా నిజామాబాద్‌లో బండి వయసు ఎవరైనా చెప్పేస్తారు. తెలంగాణ వచ్చాక అది టీఎస్ 16 అయింది, 2024 నుంచి టీజీ 16. అంటే ఏపీ 25 బండికి పదేళ్లు ఎప్పుడో దాటినట్టే. మా ఇంట్లోని 2006 నాటి హీరో హోండా స్ప్లెండర్ ప్లస్ అలాంటిదే. 97.2 సీసీ ఇంజిన్ ఇప్పటికీ ఒక్క కిక్కుకే అందుకుంటుంది. 15 ఏళ్లకు ఆర్సీ గడువు అయిపోతే గ్రీన్ ట్యాక్స్ కట్టి ఐదేళ్లకు రెన్యువల్ చేయించాం. ఆ ఐదేళ్లూ దగ్గరికొచ్చేసరికి చుట్టాలంతా 'అమ్మేస్తే పోలే?' అనడం మొదలుపెట్టారు.

నేనుండేది హైదరాబాద్‌లో, చేసేది సాఫ్ట్‌వేర్. పదిహేను రోజులకోసారి ఇంటికొస్తే నాకు అదే బండి. మిగతా రోజులు మా బాపు దాని మీదే బోధన్ వైపు పొలానికి వెళ్లొస్తాడు. నా ఎత్తు ఆరడుగులు, ఆయనది ఐదున్నర లోపే. నడుపుతుంటే నాకు మోకాళ్లు నొప్పి, ఆయనకు నడుం నొప్పి. అమ్మడం కాదు, కస్టమైజ్ చేద్దామన్నాను. బాపు ఒకటే కండిషన్ పెట్టాడు.

"నువ్వు పదిహేను రోజులకోసారి నడుపుతవ్, నేను రోజు నడుపుత. ఏం చేస్తవో చెయ్, నా కాళ్లు భూమికి అందాలె."

ఆఫీసు భాషలో చెప్పాలంటే ప్రోడక్ట్ ఒకటి, యూజర్లు ఇద్దరు.

రీల్స్ చూసి మొదలుపెట్టొద్దు

1950, 60ల్లో లండన్‌లోని ఏస్ కేఫ్ దగ్గర చేరే కుర్రాళ్లు స్పీడు కోసం హ్యాండిల్ కిందికి దించి, ఫుట్‌రెస్టులు వెనక్కి జరిపేవాళ్లు. కేఫ్ రేసర్ స్టైల్ అలా వచ్చిందే. చూడ్డానికి సూపర్. కానీ ఎరువుల బస్తా వేసుకుని ఎడపల్లి మీదుగా వెళ్లే మనిషికి ఆ హ్యాండిల్ పెడితే ఒంటి బరువంతా మణికట్ల మీదే పడుతుంది. వెనక మడ్‌గార్డ్ కోయించడం ఇంకో ఫ్యాషన్. బోధన్ చుట్టుపక్కలది నల్లరేగడి. వానాకాలంలో ఆ బురదంతా చొక్కా మీదే!

మూడు చోట్లు సరిచేస్తే చాలు

బండి మన ఒంటికి తగిలేది చేతులు, సీటు, పాదాలు.. ఈ మూడు చోట్లే. వీటితో మొదలుపెడితే ఖర్చు కూడా తక్కువ.

ముందు హ్యాండిల్. క్లాంప్ బోల్టులు కాస్త వదులు చేసి, భుజాలు వంచకుండా చేతులు అందేలా తిప్పి మళ్లీ బిగిస్తే చాలాసార్లు అదే సరిపోతుంది. ఆ తర్వాత ఒక టెస్ట్ తప్పనిసరి. బండి స్టార్ట్ చేసి న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండిల్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పాలి. ఇంజిన్ సౌండ్ పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ లాగేస్తున్నట్టే. అలా రోడ్డెక్కితే మలుపులో బండి దానంతటదే రేజ్ అవుతుంది.

అసలు చిక్కు సీటుతోనే. మెత్తటి ఫోమ్ షాపులో కూర్చుంటే హాయిగా ఉంటుంది, అరగంట నడిపాక అడుగు రేకు తగులుతుంది. అందుకే కింద గట్టి ఫోమ్, పైన పల్చగా మెత్తటిది వేయించాం. నాకు ఎత్తు కావాలి, బాపుకు కాళ్లు అందాలి. స్ప్లెండర్ సీటు పొడవు కాబట్టి ముందు భాగం ఎత్తు పెంచకుండా అంచులు సన్నగా చేయించి, కొంచెం వెనక రెండు వేళ్ల మందం లేపించాను. ఆయన ముందుకు కూర్చుంటాడు, నేను వెనక్కి. ఫుట్‌రెస్టులు ఉన్నచోటే ఉంచాం. నేను వెనక్కి జరగడంతో మోకాలి వంపు దానంతటదే తగ్గింది.

చీకట్లో చెరకు ట్రాలీలు

1937లో మొదలైన బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు వేసేవాళ్లు ఇప్పుడు వేరే ఫ్యాక్టరీలకు తోలుతున్నారు. వెనక లైటు లేని ట్రాలీ చలికాలం మంచులో హఠాత్తుగా ఎదురైతే బ్రేకు కంటే ముందు పనిచేయాల్సింది హెడ్‌లైటు.

పాత స్ప్లెండర్‌లో హెడ్‌లైటుకు కరెంటు బ్యాటరీ నుంచి రాదు, నేరుగా మాగ్నెట్ కాయిల్ నుంచి వస్తుంది. అందుకే ఇంజిన్ స్లో అయితే వెలుతురు డల్ అవుతుంది. ఏ ఎల్‌ఈడీ పడితే అది పెడితే మిణుకుమిణుకుమంటుంది. మేం పసుపెక్కిన డూమ్ మార్చి, అదే 35 వాట్ల బల్బు కొత్తది వేయించాం. బండి మీద మనిషిని కూర్చోబెట్టి గోడ మీద లైటు ఎత్తు సరిచేశాం. వెనక ఎర్ర రిఫ్లెక్టర్ టేప్ అంటించాం.

గీత దాటితే ఫైన్

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్లు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల ఫైన్, ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండూ పడొచ్చు. ఫ్రేమ్ కోయడం, వేరే ఇంజిన్ పెట్టడం, చెవులు పగిలే సైలెన్సర్ బిగించడం జోలికి పోవద్దు. రంగు మార్చాలన్నా ఆర్టీవోకు చెప్పి ఆర్సీలో రాయించాలి. రెన్యువల్‌కు బండిని చూపించేటప్పుడు ఇవన్నీ బయటపడతాయి.

మాకైన ఖర్చు 5 వేల లోపే. బాపు కాళ్లు భూమికి అందుతున్నాయి, బండి అమ్మే మాట ఇంట్లో ఆగిపోయింది.

మీ ఇంట్లోనూ పాత బండి ఉందా? స్టిక్కర్ల షాపుకు వెళ్లేముందు, దాన్ని రోజూ నడిపేవాళ్ల వెనక కూర్చుని ఓ పది కిలోమీటర్లు వెళ్లి రండి. ఎక్కడ చెయ్యి విదిలిస్తున్నారు, ఎక్కడ సీటు మీద సర్దుకుంటున్నారు, ఎదుటి లైటుకు ఎక్కడ స్లో చేస్తున్నారు.. ఇవి గమనిస్తే చాలు. ఏం మార్చాలో మెకానిక్ కంటే ముందే మీకు తెలిసిపోతుంది.