క్రొత్తగా మోటారు సైకిలు నడుపువారికి

రాయపూరునుండి భిలాయికి పోవు జాతీయ రహదారిపై, ఖారూన్ నది దాటిన పిమ్మట కుమ్హారి అను ఊరు కలదు. ఆ పేరు వినగానే తెలుగువారికి కుమ్మరి మాట స్ఫురించును. భిలాయి ఉక్కు కర్మాగారమున మొదటి బ్లాస్టు ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిరి. ఆ కర్మాగారములో పనికై ఆంధ్రదేశమునుండి వేలకొలది కుటుంబములు తరలివచ్చి అచటనే స్థిరపడినవి. తాతలు సైకిళ్ళు త్రొక్కిన బాటలలో నేడు మనుమలు మోటారు సైకిళ్ళు నడుపుచున్నారు. మొదటి జీతము చేతికి రాగానే మోటారు సైకిలు కొనుట ఇప్పుడు సర్వసాధారణము. కొన్న దినముననే దానితో రహదారి ఎక్కుటయు అంతే సాధారణము. ఈ వ్యాసము అట్టి యువకులకొరకును, వారిని కన్నవారికొరకును వ్రాయబడినది.

2022 డిసెంబరు మాసములో ఒక రాత్రి కుమ్హారి యొద్ద ఒక ఘోరము జరిగెను. అచట అప్పటికింకను పూర్తికాని వంతెన పైకి ఒక మోటారు సైకిలు చీకటిలో ఎక్కెను. దానిపై భార్యాభర్తలును, వారి కుమార్తెయు ఉండిరి. వంతెన తెగియున్న చోటినుండి వాహనము క్రింద పడిపోయెను. దంపతులు మరణించిరి; బాలిక గాయములతో బ్రతికెను. పూర్తికాని దారిని గట్టిగా మూసియుంచుట దానిని నిర్మించువారి బాధ్యత. అందు సందేహము లేదు. ఆ దోషమును నడుపువానిపై మోపుట న్యాయము కాదు. అయినను అట్టి దారులు మన దేశమున ఇంకను ఉన్నవి గనుక, రాత్రివేళ తన దీపపు వెలుగు పడినంత మేర మాత్రమే తనకు దారి తెలియునని నడుపువాడు ఎరిగియుండవలెను.

వేగము కూడ ఒక ఎత్తే

వంతెనపైనుండి పడుట యనిన అందరికిని భయము. వేగముగా పోవుట యనిన ఎవరికిని భయము లేదు. కాని శరీరమునకు ఈ రెంటికిని భేదము లేదు. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవుచు గోడకో లారీకో కొట్టుకొన్నవానికి తగులు దెబ్బ, సుమారు ఆరు మీటర్ల ఎత్తునుండి, అనగా రెండంతస్తుల మేడపైనుండి నేలపై పడినవానికి తగులు దెబ్బతో సమానము. 60 కిలోమీటర్ల వేగమైనచో ఆ ఎత్తు పదునాలుగు మీటర్లగును. అది నాలుగంతస్తుల మేడ కన్న హెచ్చు. వేగము ఒకటిన్నర రెట్లు పెరిగినచో ఎత్తు రెండింతలు దాటుచున్నది. కారులో పోవువాని చుట్టును ఇనుప గోడలు ఉండును. మోటారు సైకిలుపై పోవువానికి చొక్కా తప్ప వేరు గోడ లేదు.

ఆపుటకు పట్టు దూరమును కూడ లెక్కింపుడు. ఎదుట అపాయము కనబడిన పిదప చేయి బ్రేకును నొక్కులోపల ఒక్క క్షణము గడచును. ఆ క్షణములో 60 కిలోమీటర్ల వేగముగల బండి పదునేడు మీటర్లు పోవును. తరువాత బ్రేకు పట్టి ఆగుటకు ఇంకొక ఇరువదిమూడు మీటర్లు కావలెను. మొత్తము సుమారు నలువది మీటర్లు. 40 కిలోమీటర్ల వేగమున ఇది సుమారు ఇరువదియొక్క మీటర్లు. ఇవి ఎండిన మంచి దారికి చెప్పిన లెక్కలు. తడిదారిపై ఇంకను హెచ్చు కావలెను. మీ దీపము ముప్పది మీటర్లు చూపుచుండగా, ఆగుటకు నలువది మీటర్లు పట్టు వేగముతో పోయినచో, మిగిలిన పది మీటర్లును మీరు కన్నులు మూసికొని పోవుచున్నట్లే. కుమ్హారిలోనే కాదు, ఏ ఊరనైనను వానకాలపు రాత్రులలో పొడిగానుండు తారురోడ్డుపై పశువులు పండుకొనియుండును. నల్లని గేదెకు దీపము లేదు.

కుమ్మరికి ఒక ఏడు

కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అని మన పెద్దలు అందురు. ఏడాది కష్టపడి చేసిన కుండలు ఒక్క దెబ్బతో పగులును. తల్లి ఇరువది యేండ్లు పెంచిన తలకు కూడ అంతకన్న హెచ్చు కాలము పట్టదు. కుండ పగిలినచో మరియొకటి చేయవచ్చును. మెదడు ఒకమారు నలిగినచో వైద్యుడు దానిని మరల చేయజాలడు. అందులకే శిరస్త్రాణము, అనగా హెల్మెట్టు.

దీని చరిత్ర కొంత వింతయైనది. లారెన్సు ఆఫ్ అరేబియాగా పేరొందిన ఆంగ్ల సైనికుడు 1935 మే నెలలో మోటారు సైకిలుపైనుండి పడి, తలకు తగిలిన దెబ్బచే ఆరు దినములకు మరణించెను. అతనిని చూచిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అను మెదడు శస్త్రవైద్యుడు ఒకడు. ఆ పిమ్మట ఆయన ఇట్టి మరణములను పరిశీలించి, హెల్మెట్టు ప్రాణములను కాపాడునని 1941లో ప్రకటించెను. ఆ సంవత్సరమే బ్రిటిషు సైన్యము తన మోటారు సైకిలు దళమునకు దానిని విధించెను. సామాన్య ప్రజలకు అచట చట్టము వచ్చుటకు 1973 వరకు పట్టెను. మంచి మాట కూడ నిదానముగానే నడచును.

హెల్మెట్టు ధరించుటవలన మరణభయము సుమారు 42 శాతమును, తలకు గాయమగు భయము సుమారు 69 శాతమును తగ్గునని పెక్కు పరిశోధనలను కలిపి చూచిన వైద్యులు తేల్చిరి. మన దేశములో 2022వ సంవత్సరమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనములపై పోవుచున్నవారే. హెల్మెట్టు లేక మరణించినవారు 50,029 మంది. అందు 14,337 మంది వెనుక కూర్చున్నవారు. ఈ చివరి అంకెను చదివిన పిమ్మట, ఇంటిలో ఒకే హెల్మెట్టు ఉండుట చాలునా యని ఆలోచింపుడు. భర్త తలపై హెల్మెట్టు, భార్య తలపై చీరకొంగు, ముందు ట్యాంకుపై బిడ్డ బోడితల. ఈ దృశ్యము మనకు అలవాటైపోయినది గనుకనే వింతగా తోచుటలేదు.

కొనునప్పుడు ఐ.ఎస్.ఐ. ముద్రను చూడవలెను. 2021 జూన్ 1వ తేదీ నుండి ఆ ముద్ర లేని హెల్మెట్లను తయారుచేయుటయు అమ్ముటయు చట్టవిరుద్ధము. రోడ్డుప్రక్క బుట్టలో అమ్ము తేలిక టోపీలు పోలీసువానిని మాత్రమే ఆపును, దెబ్బను ఆపవు. గట్టి చిప్ప లోపల మందమైన నురుగు పొర ఉండవలెను. దెబ్బ తగిలినప్పుడు ఆ పొర తాను నలిగి తలను కాచును. అది ఒక్కమారే నలుగగలదు. కావున ఒకసారి గట్టిగా దెబ్బతిన్న హెల్మెట్టు పైకి బాగుగా కనబడినను మార్చవలసినదే. గడ్డము క్రింది పట్టీ ఒక వ్రేలు దూరునంత బిగువుగా ఉండవలెను. పట్టీ బిగింపని హెల్మెట్టు మొదటి దెబ్బకే ఎగిరిపోవును. దానిని మోచేతికి తగిలించుకొని పోవు యువకులను చూచినప్పుడెల్లను, మోచేతిలో వీరికేమి దాగియున్నదో యని ఆశ్చర్యము కలుగును.

రహదారి ఎక్కకముందు

గేరు గల బండికి పదునెనిమిది యేండ్లు నిండవలెను. నేర్చుకొనువాని లైసెన్సు వచ్చిన ముప్పది దినముల పిమ్మటగాని పక్కా లైసెన్సునకు పరీక్ష ఇయ్యరాదు. ఆ నెలదినములు వృథాకాలము కాదు. ఖాళీ మైదానములో నెమ్మదిగా నడుపుట అభ్యసింపవలెను. వేగముగా పోవుట ఎవనికైనను వచ్చును. నడకంత నెమ్మదిగా, కాలు క్రింద మోపక, ఎనిమిది అంకె ఆకారమున త్రిప్పుట నేర్పరికే చేతనగును. అన్నిటికన్న ముఖ్యముగా బ్రేకులు. ముందు బ్రేకు పట్టినచో బండి తలక్రిందులగునను భయముతో క్రొత్తవారు వెనుక బ్రేకునే త్రొక్కుదురు. ఇది పొరపాటు. ఆపునప్పుడు బరువంతయు ముందు చక్రముపై పడును గనుక, ఆపు శక్తిలో హెచ్చుభాగము ముందు బ్రేకుదే. రెంటిని కలిపి, ఒక్కసారి గుంజక, క్రమముగా బిగింపవలెను. మలుపులో కాక, మలుపు రాకముందే వేగము తగ్గించుకొనవలెను.

భిలాయి దారులపై ఉక్కు పట్టాలను, పలకలను మోయు పొడవైన లారీలు తిరుగును. లారీ అద్దములో డ్రైవరు ముఖము మీకు కనబడనిచో, మీరు కూడ అతనికి కనబడుటలేదని తెలియవలెను. అది మలుపు తిరుగుచుండగా ఎడమప్రక్క సందులో దూరుట కన్న పెద్ద తెలివితక్కువ లేదు. తొలకరి చినుకులు పడిన కొద్దిసేపు దారిపై నూనె, దుమ్ము కలిసి జారుగా ఉండును. పొడి ఇసుక కూడ అట్లే. రాత్రి షిఫ్టు దిగివచ్చువానికి మరియొక శత్రువు నిద్ర. ఆవులింతలు వెంటవెంట వచ్చినను, గడచిన మైలు గుర్తులేకున్నను, బండి ఆపి పావుగంట కన్ను మూయవలెను. ముఖము కడుగుకొనుట నిద్రకు మందు కాదు. మద్యము సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. త్రాగినవానికి తాను బాగుగానే నడుపుచున్నట్లు తోచుటయే దాని గుణము.

నడుపువాడు కాక మరియొక్కరు మాత్రమే ఎక్కవచ్చును. చీరకొంగు, ఓణీ చక్రములో చిక్కకుండ వెనుక చక్రమునకు కవచము ఉండవలెను. నాలుగేండ్లలోపు బిడ్డలను తీసికొనిపోవునప్పుడు కట్టుపట్టీ, చిన్న హెల్మెట్టు ఉండవలెననియు, వేగము 40 కిలోమీటర్లకు మించరాదనియు 2023 ఫిబ్రవరి నుండి నిబంధన అమలులోనున్నది.

ప్రమాదము జరిగినచో

పడినవానిని కాలుసేతులు పట్టి ఎత్తి ఆటోలో కుక్కరాదు. మెడ ఎముక విరిగియుండవచ్చును. వెనుకనుండి వచ్చు బండ్లను ముందు ఆపింపుడు. రక్తము కారుచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టుడు. శ్వాస ఆడుచున్నంతవరకు హెల్మెట్టును లాగివేయకుడు. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు; అది ఊపిరితిత్తులలోనికి పోవును.

తలకు దెబ్బ తగిలినవాడు లేచి కూర్చుండి, నాకేమియు కాలేదని చెప్పి ఇంటికి పోవుట కలదు. పుర్రె లోపల రక్తము మెల్లగా చేరుచున్నచో కొన్ని గంటల పిమ్మటగాని బయటపడదు. మరల మరల వాంతులు, పెరుగుచున్న తలనొప్పి, మాట తడబడుట, విడువని మత్తు, ఒక కంటిపాప రెండవదానికన్న పెద్దదగుట, వీనిలో ఏది కనబడినను ఆ రాత్రియే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. తెల్లవారనిమ్మని పండుకొనబెట్టరాదు.

గాయపడినవారికి సాయము చేసినచో పోలీసులతో చిక్కు వచ్చునను భయము పూర్వము ఉండెను. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము అట్టివారికి రక్షణ కల్పించినది. మీ పేరు చెప్పుమని ఎవరును నిర్బంధింపరాదు. ఖర్చును గూర్చి కూడ ఆగనక్కరలేదు. ప్రమాదము జరిగిన నాటినుండి ఏడు దినములవరకు, లక్షన్నర రూపాయలకు మించకుండ, నిర్ణయింపబడిన ఆసుపత్రులలో రుసుము లేని చికిత్స పొందు పథకమును కేంద్ర ప్రభుత్వము 2025 మే నెలలో అమలులోనికి తెచ్చినది.

108 కిగాని 112 కిగాని ఫోను చేయునప్పుడు ఊరిపేరు ఒక్కటే చెప్పినచో చాలదు. ఏ వైపునకు పోవు దారియో, వంతెన పైననో క్రిందనో, దగ్గరనున్న కిలోమీటరు రాతిపై ఏ అంకె వ్రాసియున్నదో చూచి చెప్పుడు. మరియొకనిని దీపముతో దారి అంచున నిలువబెట్టి, అంబులెన్సు వచ్చువరకు గాయపడినవాని ప్రక్కనే ఉండుడు.