టర్నిప్ మొలకకు మొదటి పదిహేను రోజులే గండం

హోసూరు ప్రాంతం సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. చల్లని గాలికి ముల్లంగి, క్యాబేజీలాగే టర్నిప్ కూడా బాగా వస్తుంది. అయినా పోయిన ఏడు మా సంఘం సభ్యులం పెరళ్లలో వేసిన మడులు సగానికి పైగా పోయాయి. విత్తనం మంచిదే, మొలకను కాపాడుకోవడమే మాకు తెలియలేదు. ఆ నష్టం మీకు రాకూడదని ఇది రాస్తున్నాం.

ముందు పేరు సంగతి. అంగట్లో నూల్‌కోల్ అని తమిళంలోనో, నవిలుకోసు అని కన్నడంలోనో అడిగితే వేరే విత్తనం చేతికి రావచ్చు. నూల్‌కోల్‌కు నేలపైన కాండం ఉబ్బుతుంది. టర్నిప్ గడ్డ వేరు దగ్గర ఊరుతుంది. అందుకని టర్నిప్ అనే అడగండి.

అక్టోబరు, నవంబరు నెలలు అనువైనవి. నారు పోసి నాటితే గడ్డ సరిగా ఊరదు, నేరుగా మడిలోనే విత్తాలి. బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, అడుగు ఎడంగా సాళ్లు తీసి, సెంటీమీటరు లోతున గింజలు వేయండి. వారంలోపు మొలుస్తాయి. ఆవాలు, ముల్లంగి, క్యాబేజీ ఇప్పుడే తీసిన మడిలో వేయకండి. అన్నీ ఒకే కుటుంబం కాబట్టి వాటి పురుగులు దీన్నీ పడతాయి.

మొలకను తినేవి ముఖ్యంగా మూడు. గెంతే చిన్న నల్ల పెంకు పురుగులు ఆకును జల్లెడ చేస్తాయి. విత్తిన రోజే సన్నని దోమతెర కప్పి అంచులు మట్టిలో పూడ్చాలి, పురుగు పడ్డాక కప్పితే లోపలే ఉండిపోతుంది. రెండోది, మొలకను మొదట్లో కొరికే గొంగళి. తెల్లవారి పడిపోయిన మొక్క చుట్టూ మట్టి తవ్వితే చుట్టుకుని దొరుకుతుంది. మూడోది నత్త. రాత్రి టార్చి వేసి ఏరి ఉప్పునీళ్లలో వేయడమే.

తర్వాత పేనుబంక కనిపిస్తే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీరు కలిపి సాయంత్రం చల్లండి. ఘాటు మందుల జోలికి పోవద్దు. మూడో వారంలో మొక్కకూ మొక్కకూ జానెడు ఎడం ఉండేలా పలచన చేస్తాం కదా, పీకిన ఆ లేత ఆకు పప్పులోకే వెళ్తుంది. పిల్లలు తినే కూర అది.

తడి ఆరనివ్వకండి, ఆరితే గడ్డ పీచు పడుతుంది. యాభై, అరవై రోజులకు క్రికెట్ బంతి కంటే పెద్దది కాకముందే పీకేయండి.