రంగు పొర కింద మరో ముఖం

చెన్నైలోని అంబత్తూరు సి.టి.హెచ్. రోడ్డు లాంటి చోట నగల కొట్టుకు పాత గొలుసు తీసుకెళ్తే, దాన్ని గీయకుండా, కరిగించకుండా ఒక చిన్న యంత్రంలో పెట్టి ఎన్ని క్యారెట్లో చెప్పేస్తున్నారు. ఆ యంత్రం లోహం మీదికి ఎక్స్‌రేలు పంపుతుంది. బంగారం, వెండి, రాగి దేనికదే తనదైన ఎక్స్‌రేలను తిరిగి వెలువరిస్తుంది. వాటిని బట్టి ఏది ఎంత ఉందో తేలుతుంది. 2008లో విన్సెంట్ వాన్ గో బొమ్మ ఒకదాని గుట్టు విప్పింది కూడా ఈ సూత్రమే.

వాన్ గో, గోగాఁ, సెజాన్, సూరా వంటివారిని కలిపి పోస్ట్ ఇంప్రెషనిస్టులంటారు. 1910లో లండన్‌లో రోజర్ ఫ్రై పెట్టిన పేరది. అప్పటికి ఈ నలుగురిలో ఒక్కరూ బతికి లేరు. వాళ్ల బొమ్మల్లో రహస్య సంకేతాలున్నాయని ఇప్పుడు రకరకాల కథలు వినిపిస్తుంటాయి. రుజువైన రహస్యాలు వేరు.

మొదటిది 2008లో గుట్టు విప్పిన ఆ బొమ్మదే. వాన్ గో 1887లో పారిస్‌లో వేసిన పచ్చిక బొమ్మ అది. అందులో గడ్డి తప్ప ఇంకేమీ కనబడదు. హాంబర్గ్‌లో శాస్త్రవేత్తలు అందులో జానెడు మేర రెండు రోజుల పాటు శక్తిమంతమైన ఎక్స్‌రేలతో పరీక్షించారు. అడుగు పొరలో ఒకచోట పాదరసం, మరోచోట ఆంటిమొని బయటపడ్డాయి. పాదరసం ఇంగిలీకంలో ఉంటుంది, అంటే అది పెదవుల ఎరుపు. ఆంటిమొని ఉన్నది ఒక రకం పసుపు రంగులో, అది చర్మపు ఛాయ. రెండూ కలిపి చూస్తే ఒక రైతు స్త్రీ ముఖం! వాన్ గో ఆమెను ఎవరి నుంచీ దాచలేదు. తమ్ముడు థియో పంపే డబ్బుతో బతికే మనిషి, కొత్త కాన్వాసు కొనే స్తోమత లేక పాత బొమ్మ మీదే కొత్తది వేశాడు. అక్కడ దాగి ఉన్నది పేదరికం.

రెండో రహస్యం కాలానిది. 1888లో ఆర్ల్ పట్టణంలో తన పడకగదిని వేసి, గోడలు లేత ఊదా రంగువని థియోకి ఉత్తరం రాశాడు. ఈరోజు మనకు కనబడేవి నీలం గోడలు. ఊదాలో కలిసిన ఎరుపు, ఎండలో ఆరేసిన చీర రంగులా వెలిసిపోయింది. పసుపు మంచం పక్కన ఊదా ఉంటే ఒకదానికొకటి నిండుదనమిస్తాయి. చూసేవాడి మనసుకు విశ్రాంతి కలగాలన్నది అతని కోరిక. ఊదా వెలిసిపోయాక మనం చూస్తున్నది అతను ఉద్దేశించిన గది కాదు.

అదే ఏడాది వేసిన, రాత్రివేళ ఆరుబయటి కాఫీ కొట్టు బొమ్మ గురించి మరో కథ ఉంది. అందులోని మనుషులు ఏసు చివరి విందును సూచిస్తున్నారని 2015 ప్రాంతంలో ఒక వాదన బాగా ప్రచారమైంది. వాన్ గో తన ఉత్తరాల్లో ఎక్కడా ఆ మాట రాయలేదు. చెల్లెలికి మాత్రం, నలుపు వాడకుండా నీలం, ఊదా, ఆకుపచ్చలతోనే రాత్రిని వేశానని సంబరంగా చెప్పాడు. బొమ్మలోని అసలు సాహసం అదే.

ఇకమీదట ఏ బొమ్మలోనైనా రహస్యముందని ఎవరైనా చెబితే రెండు ప్రశ్నలు వేయండి. చిత్రకారుడు ఎక్కడైనా రాశాడా? పరీక్షలో తేలిందా? రెండింటికీ లేదనే జవాబు వస్తే అది చెప్పినవారి ఊహ మాత్రమే.