భూగర్భ విద్యుత్‌ కేబుళ్లకు సర్జ్‌ల ముప్పు - పరిశోధనలు సూచిస్తున్న రక్షణ మార్గాలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు విద్యుత్‌ స్తంభాలు, తీగలు నేలకూలి నగరం రోజుల తరబడి చీకటిలో మగ్గింది. ఆ అనుభవం దృష్ట్యా ప్రపంచ బ్యాంకు సహాయంతో చేపట్టిన విపత్తు పునరుద్ధరణ ప్రాజెక్టు కింద నగరంలో భూగర్భ కేబుళ్లు వేశారు. పెనుగాలులకు చెక్కుచెదరని ఈ కేబుళ్లకు కంటికి కనిపించని మరొక ముప్పు ఉన్నది. అదే వోల్టేజి సర్జ్‌. స్తంభం కూలితే వెంటనే తెలుస్తుంది. కేబుల్‌ దెబ్బతింటే లోపం ఉన్న చోటును పరికరాలతో వెతికి, రోడ్డు తవ్వి సరిచేయవలసి ఉంటుంది. అంతవరకు వినియోగదారులకు ఇబ్బంది తప్పదు.

సర్జ్‌ అంటే ఏమిటి?

పిడుగుపాటు వలన గాని, స్విచ్‌లు వేయడం, తీయడం వలన గాని అతి స్వల్పకాలం పాటు వోల్టేజి హఠాత్తుగా పెరగడాన్ని సర్జ్‌ అంటారు. 11 కిలోవోల్టుల లైనులో ఫేజుకు, భూమికి మధ్య వోల్టేజి సాధారణంగా గరిష్ఠంగా సుమారు 9 కిలోవోల్టులు ఉంటుంది. ఈ తరగతి పరికరాలు 75 కిలోవోల్టుల పిడుగు సర్జ్‌ను తట్టుకునేలా తయారవుతాయి. పిడుగు నేరుగా తీగలపై పడితే వోల్టేజి ఈ హద్దును ఎన్నో రెట్లు మించగలదు.

స్తంభం మీది తీగ, కేబుల్‌ కలిసే చోటి నుండి సర్జ్‌ భూగర్భంలోకి ప్రవేశిస్తుంది. కేబుల్‌ రెండవ చివర స్విచ్‌ తెరచి ఉంటే ముందుకు దారి లేక వెనుదిరుగుతుంది. వచ్చే అల, తిరిగి వెళ్లే అల కలియడంతో అక్కడ వోల్టేజి దాదాపు రెట్టింపవుతుంది. అందువలన మొదటి చివర మాత్రమే రక్షణ కల్పిస్తే చాలదు.

నీటి చారలతో బలహీనత

ఎక్స్‌ఎల్‌పీఈ ఇన్సులేషన్‌లో తేమ చేరి, విద్యుత్‌ ఒత్తిడికి లోనైనప్పుడు చెట్టు కొమ్మల వంటి సూక్ష్మమైన చారలు ఏర్పడతాయి. వీటిని వాటర్‌ ట్రీలు అంటారు. ఈ చారలు పెరిగిన కేబుల్‌, కొత్తగా ఉన్నప్పుడు తట్టుకున్న సర్జ్‌ను తట్టుకోలేదు. పాత ఎక్స్‌ఎల్‌పీఈ కేబుళ్లను అధిక డీసీ వోల్టేజితో పరీక్షిస్తే ఇన్సులేషన్‌లో విద్యుదావేశం నిలిచిపోయి, తిరిగి సరఫరా ఇచ్చిన తరువాత కేబుల్‌ విఫలం కావచ్చునని పరిశోధనల్లో తేలింది. అందువలన అతి తక్కువ ఫ్రీక్వెన్సీ గల ఏసీ పరీక్ష వాడుకలోకి వచ్చింది. లోపం వెతకడానికి కేబుల్‌లోకి పదే పదే సర్జ్‌లు పంపడం కూడా పాత కేబుల్‌కు హాని చేయగలదు.

రక్షణ మార్గాలు

తీగ, కేబుల్‌ కలిసే స్తంభంపై మెటల్‌ ఆక్సైడ్‌ లైట్నింగ్‌ అరెస్టర్‌ను అమర్చాలి. దానిని లైనుకు, కేబుల్‌ తొడుగుకు కలిపే తీగలు వీలైనంత పొట్టిగా ఉండాలి. వాటి పొడవు పెరిగిన కొద్దీ కేబుల్‌పై పడే సర్జ్‌ వోల్టేజి పెరుగుతుంది. తెరచి ఉంచే రింగ్‌ మెయిన్‌ యూనిట్ల వద్ద కూడా అరెస్టర్లు అవసరం. జాయింట్లలోకి తేమ చేరకుండా చూడడం, ఎర్తింగ్‌ను నిర్ణీత కాలంలో తనిఖీ చేయడం అంతే ముఖ్యం. స్తంభంపై అమర్చే ఒక అరెస్టర్‌కయ్యే ఖర్చు, రోడ్డు తవ్వి కేబుల్‌ను సరిచేసే ఖర్చుతో పోల్చితే స్వల్పమే.