చిప్‌ల తయారీలో పరమాణు హైడ్రోజన్ పాత్ర

హైదరాబాద్: హైడ్రోజన్ అనగానే ఇంధనం స్ఫురించడం సహజం. అయితే అర్ధవాహక చిప్‌ల తయారీలో ఈ వాయువుకు మరొక ఉపయోగం ఉన్నది. రాడార్లు, ఉపగ్రహాలకు అవసరమైన గాలియం ఆర్సెనైడ్ చిప్‌లను తయారుచేసే గేటెక్ కేంద్రం నగరంలోని విజ్ఞానకంచలోనే ఉన్నందున, ఈ పదార్థంతో ముడిపడిన ఒక ప్రధాన సమస్యను తెలుసుకోవడం సముచితం.

వేఫర్ అని పిలిచే గాలియం ఆర్సెనైడ్ బిళ్ళకు గాలి తగలగానే ఉపరితలంపై ఆక్సైడ్ ఏర్పడుతుంది. అది ఉండగా దానిపై కొత్త పొర క్రమబద్ధంగా పెరగదు. అందువల్ల వేఫర్‌ను శూన్యంలో సుమారు 580 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి ఆక్సైడును తొలగించడం పాత పద్ధతి. ఆ వేడికి ఆక్సైడు అడుగునున్న పదార్థాన్ని కూడా కొంత తినివేసి ఆవిరవుతుంది. పాత సున్నం గీకితే గచ్చు పెచ్చులూడినట్లు, వేఫర్‌పై సూక్ష్మమైన గుంతలు మిగులుతాయి. తదుపరి పొరల నాణ్యత ఇక్కడే దెబ్బతింటుంది.

సాధారణ హైడ్రోజన్‌లో పరమాణువులు జంటగా ఉంటాయి కనుక అది ఈ పనికి చాలదు. బాగా కాగిన టంగ్‌స్టన్ తీగ ఆ జంటలను విడదీస్తుందని అమెరికా శాస్త్రవేత్త ఐర్వింగ్ లాంగ్‌మ్యూర్ 1910వ దశకంలోనే గుర్తించారు. ఒంటరి పరమాణువు చాలా చురుకైనది. అది ఆక్సైడును తేలికగా ఆవిరయ్యే రూపంలోకి మార్చి, సుమారు 400 డిగ్రీలలోనే తొలగిస్తుంది. ఉపరితలం నునుపుగా నిలుస్తుంది. కార్బన్ మలినాలను సైతం తొలగించడం దీని అదనపు ప్రయోజనం.

సౌర ఫలకాలలో వాడే స్ఫటికరహిత సిలికాన్‌లోనూ హైడ్రోజన్ సేవ గణనీయమైనది. ఆ పొరలో జతలేక మిగిలిన బంధాలను అది పూరిస్తుంది. ఇట్టి సిలికాన్ విద్యుత్ గుణాన్ని అదుపు చేయవచ్చునని 1975లో డండీ విశ్వవిద్యాలయానికి చెందిన స్పియర్, లెకాంబర్ నిరూపించారు.

హైడ్రోజన్ అతిగా చేరితే మాత్రం మేలుకు బదులు కీడే. విద్యుత్ ప్రసారానికై ఉద్దేశపూర్వకంగా చేర్చిన మూలకాలను అది నిర్వీర్యం చేస్తుంది. అటువంటప్పుడు వేఫర్‌ను మరల వేడిచేసి హైడ్రోజన్‌ను వెలికి పంపవలసి ఉంటుంది. కాగిన తీగ నుంచి వెలువడే లోహపు మలినం కూడా పొరలో చేరకుండా జాగ్రత్త వహించాలి.

అనుమతులు పరిశీలించే అధికారులు గమనించదగినది మరొకటి ఉన్నది. గాలిలో 4 శాతం చేరినా హైడ్రోజన్ మండగలదు. దానికి రంగు, వాసన లేవు కనుక, ఈ వాయువును నిల్వచేసే ప్రయోగశాలలలో లీకేజీని పసిగట్టే పరికరాలు, గాలి ప్రసరణ తప్పనిసరి.