పంటి కోసం వచ్చి చిగురు దగ్గర స్థిరపడిన లేజర్

1960 మే 16న అమెరికాలోని మాలిబులో థియోడర్ మైమన్ కెంపు స్ఫటికం నుంచి తొలి లేజర్ వెలుగును రాబట్టాడు. అయిదేళ్లు తిరిగేసరికి ఆ వెలుగు పంటిదాకా వచ్చింది. 1965లో లియోన్ గోల్డ్‌మన్ అనే చర్మవైద్యుడు, దంతవైద్యుడైన తన సోదరుడి పంటి మీదే దాన్ని ప్రయోగించాడు. నొప్పి తెలియలేదు. కానీ పంటిని తొలిచేంత శక్తి పెడితే ఆ వేడి లోపలి నరాన్ని దెబ్బతీస్తుందని అప్పటి పరిశోధనల్లో తేలింది. డ్రిల్లు బాధ తప్పుతుందన్న ఆశ అలా వాయిదా పడింది.

లేజర్‌కు పని దొరికింది చిగురు దగ్గర. ఇప్పుడు క్లినిక్కుల్లో కనిపించే డయోడ్ లేజర్ చిన్న పెట్టెలో ఇమిడిపోతుంది. పెన్నులాంటి పిడి చివర, అర మిల్లీమీటరు కన్నా సన్నటి గాజు తీగ ఉంటుంది. డాక్టరు ముందుగా ఆ కొనను కార్కు ముక్కకు ఆనించి మసి పట్టిస్తారు. కాంతిని ఆ మసి పీల్చుకుని వేడెక్కుతుంది; చిగురును కోసేది ముఖ్యంగా ఆ వేడే. కోసినచోటే సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి కాబట్టి రక్తం పెద్దగా కారదు.

నవ్వినప్పుడు పై పళ్ల మీద మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించి చిగురు కనిపిస్తే గమ్మీ స్మైల్ అంటారు. ఫొటో తీస్తుంటే పెదవులు బిగబట్టేవాళ్లకు అది ఎంత బాధో తెలుసు. కొందరిలో పన్ను పూర్తిగా దిగినా చిగురు వెనక్కి జరగదు. పొట్టిగా కనిపించే ఆ పంటికి నిజానికి పొడవుంది, చిగురు కిందే దాగి ఉంది. లేజర్ బాగా ఉపయోగపడేది వీళ్లకే.

అయినా అసలు నేర్పు కోతలో కాదు, కొలతలో ఉందని నా నమ్మకం. మత్తిచ్చి, సన్నటి ప్రోబ్‌ను ఎముక తగిలేదాకా దించి చూస్తారు. ఎముక అంచుకూ చిగురు అంచుకూ మధ్య సుమారు 3 మిల్లీమీటర్లు మిగలాలి. మిగలకపోతే చిగురు మళ్లీ పెరుగుతుంది, లేదా ఎర్రగా వాచి ఉండిపోతుంది. అప్పుడు ఎముకనూ కాస్త తగ్గించాలి. డయోడ్‌తో ఆ పని కుదరదు, ఎముక మాడిపోతుంది. అందుకు ఎర్బియం లేజర్ ఉంది. 2940 నానోమీటర్ల దాని కాంతిని నీరు చప్పున పీల్చుకుంటుంది. కణజాలంలోని తేమ పేలి, ఎముక రేణువులు ఎగిరిపోతాయి. 1997లో అమెరికాలో పుచ్చు తొలగించడానికి అనుమతి పొందింది కూడా ఇదే. గోల్డ్‌మన్ నాటి ఆశ నెరవేరడానికి ముప్ఫై ఏళ్లు దాటింది.

గమ్మీ స్మైల్‌కు కారణం ప్రతిసారీ చిగురే కాదు. పెదవి మరీ పైకి లేచేవాళ్లకు బొటాక్స్ ఇస్తారు. దాని ప్రభావం కొన్ని నెలలే. పై దవడ ఎముకే పొడవుగా పెరిగినవాళ్లలో పళ్లు సరైన కొలతలోనే ఉంటాయి. వాళ్ల చిగురు కోస్తే పంటి వేళ్లు బయటపడతాయి. వాళ్లకు దవడను పైకి జరిపే ఆపరేషనే మార్గం.